రిపోర్టుల్లో రానిది

నేను ఎమ్మెస్సీ చదివింది ఎక్కువగా రైల్లో. రైల్లో చదివింది ఎక్కువగా నిద్రలో. పలాసలో పొద్దున్నే బయల్దేరే ప్యాసింజరులో కిటికీ పక్కన చోటు చూసుకుని పుస్తకం తెరిచేదాన్ని. పూండి దాటేసరికి అక్షరాలు చీమల్లా కదలడం మొదలుపెట్టేవి. నౌపడ దగ్గర ఉప్పుమడులు పొగమంచులో తెల్లగా తేలుతూ వచ్చేసరికి, అవి మడులో, నా ఒళ్ళోని పేజీలో తెలిసేది కాదు. కోటబొమ్మాళి దాటాక ఎవరో ఒకరు భుజం తట్టి, "ఏటమ్మా, దిగాల్సింది దాటిపోనాదా?" అని అడిగేవారు. దాటిపోలేదు. పాఠమే దాటిపోయింది. నిద్రలేమి అనే అధ్యాయాన్ని నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ నిద్రపోయిన విద్యార్థిని మా బ్యాచిలో నేనొక్కర్తినే.

చదువు పేరు మానసిక ఆరోగ్య నర్సింగ్. అప్పటికి నాకు ముప్పై ఆరేళ్ళు. అంతకు ముందు పదేళ్ళు పలాసలో డయాలసిస్ యూనిట్లో చేశాను. రైల్లోనూ కాలేజీలోనూ నా పక్కన కూర్చున్న అమ్మాయిలు నన్ను ముందు మేడమ్ అనుకుని లేచి నిలబడేవారు. పుస్తకం చూశాక మళ్ళీ కూర్చునేవారు.

మా ఇంట్లో బావ అంటే మా ఆయనే. మేనత్త కొడుకు, మండలాఫీసులో గుమస్తా. నేను సీటు వచ్చిందని చెప్పిన రోజున ఆయన టీ గ్లాసు కింద పెట్టకుండానే, "ఇన్నాళ్ళూ రక్తం కడిగేవు. ఇప్పుడు బుర్రలు కడుగుతావా?" అన్నాడు.

"మొదట మనింట్లోదే మొదలెడతాను బావా."

"అంత చిన్న గిన్నె కడగడానికి రెండేళ్ళెందుకే?"

పక్కింటావిడైతే ఇంకా సూటిగా అడిగింది. "పిచ్చి చదువట కదమ్మా?" అంది. "పిచ్చి చదువు కాదండీ, పిచ్చి గురించి చదువు" అన్నాను. "రెండింటికీ తేడా ఏటి?" అంది. రెండేళ్ళు చదివాను గానీ ఆవిడకి ఇప్పటికీ జవాబు బాకీయే.

నిజానికి ఈ దారి పట్టించింది డయాలసిస్ యూనిట్టే. అక్కడ మనిషి నాలుగు గంటలు యంత్రం పక్కన కదలకుండా పడుకోవాలి. మొదటి గంట కళ్ళు మూసుకుంటాడు, రెండో గంట ఫ్యాను చూస్తాడు. మూడో గంటకి మాటలు మొదలవుతాయి. తోటలో ఏ చెట్టు కాపు ఆపేసిందో, పెళ్ళాం ఎందుకు కసురుకుంటోందో, పొద్దున్నే లేవగానే గుండెల్లో ఏదో రాయి పెట్టినట్టు ఎందుకుంటుందో చెప్తాడు. నేను గొట్టాలు చూసుకుంటూ ఊఁ కొట్టేదాన్ని. యంత్రం రక్తాన్ని శుభ్రంగా వడకట్టి ఇచ్చేది. ఆ రాయి మాత్రం వడపోతకి దొరక్కుండా మనిషితోపాటే ఆటో ఎక్కి ఇంటికి వెళ్ళిపోయేది. దాని సంగతి ఎవరు చూస్తారా అనుకునేదాన్ని. అలా అనుకోవడం ఆపలేక, చివరికి నేనే దరఖాస్తు పెట్టుకున్నాను.

రెండో ఏడాదిలో కమ్యూనిటీ పోస్టింగు వేశారు. ఒక ఊరు, ఒక మనిషి, నాలుగు వారాలు. ఆ మనిషింటికి వెళ్ళి మాట్లాడాలి. జరిగిన సంభాషణంతా ఇంటికొచ్చి మాటకి మాట రాయాలి. ఎడమవైపు గడిలో నర్సు అన్నది, కుడివైపు గడిలో రోగి అన్నది. చివరి గడిలో దాన్ని బట్టి మనకి అర్థమైనది. ఆ కాగితాలు మా గైడు మేడం దిద్దుతుంది. మేడం గొంతు మెత్తన, ఎర్రసిరా గట్టిది.

నాకు వచ్చిన ఊరు వజ్రపుకొత్తూరు దాటాక, సముద్రానికి దగ్గర్లో ఉంది. కాశీబుగ్గలో ఆటో ఎక్కితే, జీడిపిక్కలు కాల్చే వాసన ఊరు దాటేదాకా వెంటొచ్చి, తర్వాత దానంతటదే దిగిపోతుంది. ఆ తర్వాత జీడితోటలు, కొబ్బరితోటలు. రోడ్డు మీద నీడా ఎండా ఒకదాని తర్వాత ఒకటి పోతూ ఉంటే, ఎవరో కళ్ళ మీద చెయ్యి పెట్టి తీస్తున్నట్టుంటుంది. నేను ఆ దారిలో కూడా నిద్రపోయేదాన్ని. ఆశ కార్యకర్త, ఊరివాళ్ళకి ఆశమ్మ, దారి మలుపులో నిలబడి ఆటోవాడికి చెయ్యెత్తేది. అప్పుడు మేలుకునేదాన్ని.

ఆమె చూపించిన మనిషికి నలభై అయిదేళ్ళుంటాయి. నేను వదినా అని పిలిచేదాన్ని, ఆవిడ భర్తని అన్నా అని. చిన్న జీడితోట, నాలుగు కొబ్బరిచెట్లు, ఓ ఆవు. పిల్లలు పెళ్ళిళ్ళయి వేరే ఊళ్ళలో ఉన్నారు. ఇంట్లో ఈ ఇద్దరూ, ఆయన తల్లీ. ముందటేడు వదిన అన్నగారు కిడ్నీ జబ్బుతో పోయాడు. ఆ తర్వాత కొన్ని నెలలకి ఆమె తినడం తగ్గించింది, నిద్ర తగ్గింది, మాట తగ్గింది. చివరికి పూర్తిగా మంచానికి అంటుకుపోయింది. అన్న ఊరుకోలేదు. ఆమెను నాలుగుసార్లు రక్తపరీక్షకి తీసుకెళ్ళాడు. నాలుగుసార్లూ కిడ్నీలు బాగున్నాయనే వచ్చింది.

"ఏటీ నేదమ్మా" అన్నాడు నాతో మొదటిరోజే. దేవుడి పటాల పక్కన మేకుకి తగిలించిన ప్లాస్టిక్ కవరు తీసి నాలుగు కాగితాలూ చూపించాడు. "డాక్టరుబాబు కాయితం మీద రాసిచ్చేడు. అన్నీ నార్మలే. ఈవిడే ఒప్పుకోదు."

ఆ మాటలో కోపం లేదు. ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఈ ఉద్దానంలో ఇంటాయన చేతికి మంచి రిపోర్టు రావడమంటే ఎంత పెద్ద సంగతో తెలియనిదాన్ని కాను. పక్కిల్లు, ఎదురిల్లు, అవతలిల్లు చూసి చూసి ఉన్నాడు. కిడ్నీ బాగుంటే మనిషి బాగున్నట్టే. ఆ ఊళ్ళో జబ్బంటే అదొక్కటే జబ్బు. మిగిలినవన్నీ వేషాలు.

ఇక నేను చేసిన మొదటి ఘనకార్యం.

ఉద్దానంలో ఫైలు పట్టుకుని గుమ్మం ఎక్కే మనిషి దేనికొస్తాడో అందరికీ తెలుసు. ఏళ్ళ తరబడి ఎవరెవరో వచ్చారు. నీళ్ళు పట్టుకెళ్ళారు, మట్టి పట్టుకెళ్ళారు, రక్తం పట్టుకెళ్ళారు. తిరిగొచ్చి "ఇదిగో, ఇదీ సంగతి" అని చెప్పినవాళ్ళు తక్కువ. కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే రక్తపు లెక్క అక్కడ ఇంటిపేరంత మామూలు. "ఎలాగున్నావు మావా?" అంటే, "ఒకటీ పాయింటు రెండు" అని చెప్పి నడిచిపోయే మనుషులున్నారు.

వదిన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆశమ్మ పిలిచింది. ఆమె ఇటు తిరిగి నన్ను చూడలేదు, నా చేతిలో ఫైలు చూసింది. లేచి కూర్చుని, జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని, ఎడమచెయ్యి చాపి, మొహం మళ్ళీ గోడవైపు తిప్పుకుంది.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో నా బుర్ర రెండేళ్ళుగా చదువుతోంది. కానీ నా చెయ్యి పదేళ్ళుగా వేరే పని చేసింది. అది బుర్రనడక్కుండా ఆ చెయ్యి అందుకుంది. బొటనవేలు మోచేతి మడతలో నరం వెతికింది. దొరికింది కూడా. మంచి నరం. డయాలసిస్‌లో అలాంటి నరం దొరికితే పండగ చేసుకుంటాం. దాని మీద వేలుంచుకుని మురిసిపోతుండగా గుర్తొచ్చింది, నా సంచిలో సూది లేదని, నేను వచ్చింది దానికోసం కాదని.

"సూది తేలేదు వదినా. ఊరికే మాట్లాడదామని వచ్చేను" అన్నాను, పట్టుకున్న చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక.

ఆమె అప్పుడు నా మొహం చూసింది. ఆ చూపులో ఉన్నది ఊరట కాదు, నిరాశ. నాకు అప్పుడు అర్థం కాలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, జాకెట్టు సర్దుకుని, గోడవైపు తిరిగి పడుకుంది. వసారాలో కూర్చున్న వాళ్ళత్త, చూపు సగం పోయినా చెవులు మొత్తంగా ఉన్న ముసలామె, లోపలికి వినబడేలా అంది: "సూది నేని నర్సేటే? వల నేకుండా ఏటకెల్లినట్టు."

రెండోసారి ప్రశ్నావళి తీసుకెళ్ళాను. అచ్చులో ఉన్న ప్రశ్నలు, గౌరవనీయమైన తెలుగు. "గత రెండు వారాలుగా మీకు నిరాశగా అనిపిస్తోందా?" అని చదివాను. వదిన కళ్ళు మూసుకుంది. జవాబు వసారాలోంచి వచ్చింది.

"ఆశమ్మ ఇందాకే యెల్లిపోనాది. మళ్ళీ రేపొత్తాది."

"ఆశమ్మ కాదత్తా, ఆశ లేకపోవడం."

"అదే సెప్తన్నాను కదే! నేదు. యెల్లిపోనాది."

నేను తర్వాతి ప్రశ్నకి వెళ్ళాను. ఆ రోజు కాగితం మీద నా గడి నిండిపోయింది. కుడివైపు గడిలో "మౌనం" అని పదకొండుచోట్ల రాశాను. మూడోసారి వెళ్ళొచ్చాక కూడా అంతే. మేడం ఎర్రసిరాతో ఒకే వాక్యం రాసి తిప్పి పంపింది: "ఈ సంభాషణలో బాగా మాట్లాడిన రోగి నర్సే." ఫోను చేసి మెత్తగా, "వచ్చేసారి ఫైలు పట్టుకెళ్ళకు" అంది.

"మరేం పట్టుకెళ్ళను మేడం?"

"నిన్ను నువ్వు పట్టుకెళ్ళు. అది చాలు." తర్వాత అడిగింది. "ఆ ప్రశ్న అడిగావా?"

అడగలేదు. అడగలేదని ఆవిడకీ తెలుసు.

అది అచ్చు ప్రశ్నల్లో చివరిది. చనిపోవాలని అనిపిస్తోందా అన్నది. ఇంత దిగులులో ఉన్న మనిషిని అది అడక్కుండా వచ్చేయకూడదు. అడిగితేనే ఎంత ప్రమాదంలో ఉందో తెలుస్తుంది, టెక్కలి ఆసుపత్రిలో మనోవ్యాధుల డాక్టరు దగ్గరికి ఎంత తొందరగా తీసుకెళ్ళాలో తెలుస్తుంది. "నీ కేసు స్టడీ పాడైపోయినా పరవాలేదు. ఆమె ప్రాణం అలా వదిలేసి రాకు" అంది మేడం. నాలుగు వారాల్లో రెండున్నర అప్పటికే అయిపోయాయి.

నేను పదేళ్ళు చావు పక్కనే నిలబడి పనిచేసినదాన్ని. కానీ చావన్న మాటని నోట్లోకి రానివ్వకుండా చేశాను. మా యూనిట్లో ఎవరూ చనిపోరు. మంచం ఖాళీ అవుతుంది. ఇంట్లోంచి బయటికి వెళ్ళేటప్పుడు వెళ్తాను అనకూడదని, వెళ్ళొస్తాను అనాలని పెంచిన మనుషులం మేము. జబ్బుమనిషి ఎదురుగా ఆ మాటంటే, పిలిచి పీట వేసినట్టే. అలాంటి నోటితో ఆ ప్రశ్న ఎలా అడగాలి?

ఒక పొద్దున్న బావ మీద సాధన చేశాను. ఆయన ఉప్మా తింటున్నాడు.

"బావా, నీకు చచ్చిపోవాలనిపిస్తందా?"

ఆయన చెంచా గాల్లో ఆగింది. "ఇప్పటిదాకా నేదే. ఉప్మా పూర్తవనీ, సెప్తాను."

"నిజంగా అడుగుతున్నాను. ఇలాగే అడగాలట."

"మరీ అంత మొహమ్మీదా?" చెంచా దించేశాడు. గొంతు మారింది. "అలగడిగితే, నేని ఆలోచన పుట్టదేటే?"

"పుట్టదు. పుస్తకంలో గట్టిగా రాశారు."

"ఆ పుస్తకం నువ్వు రైల్లో సదివేవు కదే" అన్నాడు. నవ్వాలో వద్దో తెలియలేదు ఇద్దరికీ. ఆ రోజు గుమ్మం దిగుతుంటే మాత్రం వెనకాలే వచ్చి, "అడిగీ. నువ్వడక్కపోతే ఆ ఊళ్ళో ఇంకెవులడుగుతారు?" అన్నాడు.

నేను వెళ్ళేసరికి ఇంట్లో ముసలామె ఒక్కతే ఉంది. తోటకెళ్ళారంది. జీడికాపు రోజులు. పండ్లు రాలి కింద పడితే ఏరి, పిక్క తుంచి, పిక్కలు ఒకవైపు పండ్లు ఒకవైపు పోస్తారు. అన్న కూలివాళ్ళతో తోట అవతలి చివర ఉన్నాడు. ఇంట్లో ముసలామె ఒక్కదాని మీద వదలడం ఇష్టంలేక వదినని కూడా తెచ్చి ఓ చెట్టు కింద తాటాకు చాప మీద కూర్చోబెట్టాడు. ముందు పండ్ల కుప్ప ఉంది. ఆమె ముట్టుకోలేదు.

వెళ్ళి పక్కన కూర్చున్నాను. చేతిలో ఫైలు లేకపోతే నా చేతులు ఎంత పెద్దవో అప్పుడే తెలిసింది. ఎక్కడ దాచినా బయటికొస్తున్నాయి. "వచ్చేను వదినా" అన్నాను. ఆ తర్వాత ఏమీ అనకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

మధ్యాహ్నం దాటిన వేళ. కొమ్మలు నేలదాకా వంగి ఉన్నాయి, లోపల కూర్చుంటే ఆకుపచ్చ గదిలో కూర్చున్నట్టుంది. మగ్గిన పండ్ల వాసన తీపిగా, కాస్త పులుపుగా, కాస్త మత్తుగా అక్కడే నిలబడి ఉంది. సరుగుడు చెట్లకవతల సముద్రం కనబడదు గానీ, దాని చప్పుడు తోటలోకొచ్చి మెత్తబడి, ఎవరో పక్కగదిలో బియ్యం చెరుగుతున్నట్టు వినిపిస్తోంది. ఎప్పుడో ఓ పండు రాలుతుంది. ధబ్బుమనదు, ఉస్సురంటుంది. తర్వాత మళ్ళీ చెరుగుడు. ఎండచుక్కలు నా చీర మీద పాకుతున్నాయి. వాటిలో ఒకటి మోకాలి దాకా వచ్చేవరకు చూశాను. తర్వాతది గుర్తులేదు.

అవును. నిద్రపోయాను. నాలుగు వారాల పోస్టింగులో అతి ముఖ్యమైన రోజున, ప్రాణం ప్రమాదంలో ఉందేమోనని భయపడుతున్న మనిషి పక్కన, చెట్టు మొద్దుకి ఆనుకుని, నోరు కొంచెం తెరుచుకుని.

మేలుకునేసరికి ఆమె నా మొహం మీద వాలబోతున్న ఈగల్ని జీడాకుల కొమ్మతో తోలుతోంది.

"ఎంత అదురుష్టమే నీకు" అంది.

గొంతు బొంగురుగా ఉంది, చాలాకాలం తెరవని తలుపులా. నేను సర్దుకుని కూర్చోబోతే, "పడుకో పడుకో. ఎలగ పడతాదే నీకు? కూకున్నది కూకున్నట్టే?" అంది.

సమాధానానికి పుస్తకంలో వెతక్కుండా నిజం చెప్పేశాను. "రైల్లో అలవాటైపోయింది వదినా. పుస్తకం తెరిస్తే చాలు."

"నాకో పుస్తకమియ్యి అయితే" అంది. అది హాస్యమో కాదో చెప్పలేను, ఆమె మొహంలో ఏమీ కదల్లేదు. కొమ్మ ఆడిస్తూనే ఉంది. "కోడి కుయ్యకముందే మెలుకువొచ్చీత్తాది. అప్పట్నుంచి తెల్లారీదాకా... అలాగే. గుండెల మీదెవులో కూకున్నట్టు. లేసి నీల్లు తాగుదునా, లేవనేను. ఏడుద్దునా, ఏడుపు రాదు."

నేను ఊఁ కూడా కొట్టలేదు.

"నాలుగుపాలి రగతమిచ్చేను. నాలుగుపాలీ ఏటీ నేదన్నారు. ఏటీ నేకుండా ఇలగెలగుంటాదే? మా అన్నకి రిపోర్టు సెడ్డొచ్చింది. అందరూ వొచ్చేరు, కూకున్నారు, పళ్ళట్టుకొచ్చేరు. వొంట్లో ఫలానా అని ఓ పేరున్నాది ఆడికి. నాకు? మీ అన్న ఆ కాయితం మేక్కి తగిలించేడు. అటు సూసినప్పుడల్లా నేను దొంగేసాలేత్తన్నట్టే ఉంటాది." కొమ్మ ఆగింది. "నువ్వు ఫైలట్టుకొస్తే, ఇంకోపాలి సూత్తాదేమో, ఈసారైనా సెడ్డొత్తాదేమో అనుకున్నాను. సెడ్డొత్తే బాగున్ను."

పదేళ్ళు మంచి రిపోర్టు కోసం దేవుడికి మొక్కుకునే మనుషుల మధ్య ఉన్నాను. చెడ్డ రిపోర్టు కోసం చెయ్యి చాపిన మనిషిని చూడటం అదే మొదటిసారి. మొదటిరోజు ఆమె కళ్ళలో చూసిన నిరాశ ఇదా అనుకున్నాను. ఆమె జబ్బుకి ఎవరైనా జబ్బని పేరు పెట్టాలి, అంతే.

ఇంకెప్పుడు అడుగుతాను? పుస్తకంలో వాక్యం గుర్తొచ్చింది గానీ, అది ఆ చెట్టు కిందకి రాదు.

"వదినా, సచ్చిపోవాలనిపిస్తందా?"

ఓ పండు రాలింది. ఆమె ఉలిక్కిపడలేదు. ఎంతోకాలంగా ఎదురుచూస్తున్న మనిషి గుమ్మంలోకొచ్చినట్టు నావైపు చూసింది.

"అనిపిస్తాది" అంది. "తెల్లారగట్ల ఎక్కువ. మొన్నైతే..." ఆపేసింది. కొమ్మ కింద పెట్టి, "ఎవులూ అడగనేదు" అంది. అప్పుడు ఏడుపు వచ్చింది ఆమెకి. ఎన్నో నెలలుగా రానిది వచ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఈసారి నా వేళ్ళు దేన్నీ వెతకలేదు.

మొన్న ఏం జరిగిందో మెల్లగా అడిగాను. చెప్పింది. అది ఆమె నాకు చెప్పుకున్నది, ఇక్కడ రాయను. విన్నాక నాకు ఒక్కటే తెలిసింది, ఇది నాలుగో వారం దాకా ఆగే సంగతి కాదని.

"మీ అన్నకి సెప్పకు" అంది కళ్ళు తుడుచుకుంటూ.

ఆమె ఎన్నో నెలల తర్వాత నోరు విప్పింది నా దగ్గర. కాదంటే మళ్ళీ గోడవైపు తిరిగిపోతుందేమో. అబద్ధం చెప్పేస్తే ఎంత సుఖం!

"సెప్తాను వదినా. ఇది మాత్రం దాచలేను. నువ్వు పక్కనుండగానే సెప్తాను, నీ ఎనకాల కాదు."

ఆమె చెయ్యి లాక్కుంది. నేను తప్పు చేశానని, అంతా పోయిందని అనుకున్నాను. ఎండచుక్కలు చాప దాటి వెళ్ళిపోయాయి. చివరికి తల అటు తిప్పుకునే, "పిలు అయితే" అంది.

అన్న పండ్ల రసం అంటిన చేతులతో వచ్చాడు. నేను చెప్తున్నంతసేపూ లుంగీకి చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. అవి పొడిగా అయిపోయాక కూడా తుడుచుకుంటున్నాడు. చెప్పడం అయ్యాక భార్యవైపు చూడలేదు, నన్నడిగాడు.

"మరి అది రిపోర్టుల్లో రాదేటమ్మా?"

"రాదన్నా. ఆ రిపోర్టులు కిడ్నీవి. అవి కిడ్నీ సంగతే చెప్తాయి. ఇది జబ్బే, వేషం కాదు. దీనికీ డాక్టరున్నాడు, మందులున్నాయి."

ఆయన నేల మీద కూలబడ్డాడు. "నాలుగుసార్లు తిప్పేను" అన్నాడు. "నాలుగుసార్లూ ఒచ్చేటప్పుడు బస్సులో దానికి జంతికలు కొనిపెట్టేను, ఏటీ నేదు కదాని."

మేడంకి ఫోను చేస్తే, "ఈరోజే" అంది. మెత్తగా కాదు. ఆవిడే టెక్కలికి ఫోను చేసి, డాక్టరు సాయంత్రం దాకా ఉంటాడని చెప్పింది. ముసలామెను పక్కింటివాళ్ళకి అప్పజెప్పాం. అన్న దేవుడి పటాల పక్కన ఉన్న ప్లాస్టిక్ కవరు తీసి చంకలో పెట్టుకున్నాడు. కాస్త ఆలోచించి, మంచం మీద పెట్టేసి వచ్చాడు.

కాశీబుగ్గ దాకా ఆటో, అక్కణ్ణుంచి బస్సు. వదిన మధ్యలో, మేమిద్దరం అటూ ఇటూ. హైవే మీద సాయంత్రపు ఎండ అద్దాల్లోంచి అడ్డంగా పడి, బస్సంతా తేనె పోసినట్టుంది. ప్రయాణంలో నిద్రపోని రోజు నాకు అదొక్కటే.

టెక్కలి ఆసుపత్రిలో డాక్టరు ఆమెను లోపలికి పిలిచి, మమ్మల్ని బయట కూర్చోమన్నాడు. తలుపు దగ్గరికి వేసి ఉంది. మాటలు తెలియడం లేదు గానీ గొంతు తెలుస్తోంది. ఆమెదే. ఆగుతోంది, మళ్ళీ మొదలవుతోంది, ఆగుతోంది. బెంచీ మీద అన్న తలవంచుకుని వింటున్నాడు, అర్థం లేని చప్పుడుని అంత శ్రద్ధగా వినే మనిషిని నేను చూడలేదు.

"ఇన్ని మాటలు మా ఇంట్లో ఎక్కడుండిపోనాయమ్మా?" అన్నాడు.

నా కాగితంలో కుడివైపు గడికి రావలసిన మాటలన్నీ ఆ తలుపవతల రాలిపోతున్నాయి. ఒక్కటీ రాసుకోవడానికి నాకు దొరకదు. ఆశ్చర్యం ఏమిటంటే, దాని గురించి దిగులు కూడా కలగలేదు.

డాక్టరు మమ్మల్నీ పిలిచి, దీని పేరు డిప్రెషను అని, తగ్గే జబ్బని, మందు పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుందని, అంతవరకూ ఆమెను ఒంటరిగా వదలొద్దని, మాత్రలు ఆమెకి అందేచోట ఉంచొద్దని, వారంలో మళ్ళీ రమ్మని చెప్పాడు. వదిన ఆ పేరుని పెదాల మీద ఓసారి అనుకుని చూసింది. అన్న మాత్రల షీటుని చొక్కా జేబులో, బీడీకట్ట వెనకాల పెట్టుకుని, పైనుంచి రెండుసార్లు తట్టి చూసుకున్నాడు.

ఆ తర్వాత రోజు మార్చి రోజు వెళ్ళాను. మొదటివారం పెద్దగా ఏమీ మారలేదు. తెల్లారగట్ల రాయి అలాగే ఉండేది. ఒకటే తేడా, ఇప్పుడు ఆ వేళకి అన్న కూడా లేచి కూర్చునేవాడు. ఏం మాట్లాడాలో తెలియక పొయ్యి వెలిగించి టీ పెట్టేవాడట. తోట చెట్టు కింద జరిగింది నిజాయితీగా రాసి మేడంకి ఇచ్చాను. ఎడమవైపు గడిలో, "నర్సు: నిద్రపోయింది" అని కూడా. మేడం దాని పక్కన ఎర్రసిరాతో ఏదో రాయబోయి, కలం ఎత్తి, రాయకుండానే పేజీ తిప్పింది. మార్కులు మామూలుగానే వచ్చాయి.

పోస్టింగు అయిపోయి, పరీక్షలు రాసి, ఒకరోజు తీరిక చూసుకుని మళ్ళీ వెళ్ళాను. నర్సుగా కాదు, ఊరికే. వదిన వసారాలో కూర్చుని పిక్కలు తుంచుతోంది. కొంచెం ఒళ్ళు చేసింది. నిద్ర ఇంకా పూర్తిగా కుదరలేదంది, కొన్ని పొద్దులు బాగుంటాయి, కొన్ని ఉండవంది. నన్ను చూసి, "కూకో. పడుకోకు" అంది.

అన్న తోటలోంచి వచ్చాడు. గోడ గడియారం చూసి, జేబులోంచి బీడీకట్ట పక్కనున్న మాత్రల షీటు తీసి, ఒక మాత్ర విప్పి ఆమె అరచేతిలో పెట్టాడు. చెంబుతో నీళ్ళు పట్టుకుని ఆమె మింగేదాకా అక్కడే నిలబడ్డాడు. మింగిందో లేదో చూడటానికి కొంచెం వంగి కూడా చూశాడు.

ఆమె నీళ్ళు తాగి, చెంబు ఆయన చేతికిచ్చి, నావైపు తిరిగింది.

"సూసేవా ఈ మనిషిని? పెళ్ళయి పాతికేళ్ళు. ఒక్కనాడు నాకింత ముద్ద కలిపెట్టినోడు కాదు. ఇప్పుడు మాత్రలు తినిపిస్తన్నాడు."

"ముద్దా కలుపుతాన్లే" అన్నాడు అన్న.

"వొద్దు బాబో, ఆ బీడీ సేతుల్తోనా!" అంది వదిన. వసారా చివర ముసలామె పళ్ళులేని నోటితో నవ్వడం వినిపించింది. అన్న చేతులు కడుక్కోవడానికి నూతి దగ్గరికి నడిచాడు.